ఎక్స్‌పార్టీ

మేం చేసిన యాప్‌లో ఎర్రచుక్క పక్కన ఒకటే మాట ఉండేది: "స్పందించలేదు". ఆ మాట రాసింది నేనే. పచ్చచుక్క పక్కన "స్పందించారు" అని రాశాక రెండోదానికి ఏం రాయాలా అని రెండు సెకన్లు కూడా ఆలోచించలేదు. స్పందించినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు స్పందించనివాళ్ళే కదా. బూలియన్‌కి రెండే విలువలు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో నేర్చుకున్నది అదే, పదిహేనేళ్ళుగా అన్నం పెడుతున్నదీ అదే.

అరకు, అనంతగిరి వైపు కొండల్లో పనిచేసే ఒక చిన్న సంస్థకి శని ఆదివారాల్లో కూర్చుని ఆ యాప్ చేసిపెట్టాను. పెద్ద పనేం కాదు. నెలలు నిండుతున్న గర్భిణుల ఇళ్ళకి ఏ కార్యకర్త ఏ రోజు వెళ్ళాలో గుర్తుచెయ్యాలి, అంతే. అక్కడ చాలా ఊళ్ళకి రోడ్డు లేదు. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి వాగులు దాటించే బదులు, ఒక పది రోజులు ముందే కిందికి తీసుకొచ్చి ఆసుపత్రికి దగ్గర్లో ఉంచడం మేలు. దానికి ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి, అత్తగారిని ఒప్పించి, బయల్దేరదియ్యాలి. ఫోన్లు అమెరికాలో ఉన్న మనవాళ్ళు పంపిన పాత ఐఫోన్లు. నోటిఫికేషన్ వస్తుంది. దానిమీద నొక్కితే యాప్ తెరుచుకుని ఆ గర్భిణి వివరాలు చూపిస్తుంది, అదే సమయంలో "చూశాను" అన్న కబురు సర్వర్‌కి చేరుతుంది. రెండు రోజుల్లో ఆ కబురు రాకపోతే కోఆర్డినేటర్ తెరమీద ఎర్రచుక్క.

ట్రైనింగ్ కూడా నేనే ఇచ్చాను. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కి, రేకుల షెడ్డులో ప్రొజెక్టర్ పెట్టి, "మీరు యాప్‌లో ఎక్కడా వెతకక్కర్లేదు, నోటిఫికేషన్ మీద నొక్కండి చాలు" అని మూడుసార్లు చెప్పాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

కొన్ని నెలలు అంతా బాగానే నడిచింది. తర్వాత ఒక కార్యకర్త పేరు ఎదురుగా ఎర్రచుక్కలు మొదలయ్యాయి. కువి మాట్లాడే అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయేమో, అందరికంటే పై ఊళ్ళు ఆమెవే. మొదట అందరం అనుకున్నది "సిగ్నల్ లేదేమో" అని. కొండల్లో ఏ తప్పుకైనా సిగ్నల్ మంచి సాకు, మా వృత్తిలోవాళ్ళకి మరీను. తర్వాత "ఫోన్ చూసుకోవట్లేదేమో". ఆ తర్వాత, ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, "ఈ మధ్య పట్టించుకోవట్లేదు". కోఆర్డినేటర్ పిలిచి అడిగితే ఆమె చెప్పింది ఇంతే: "నొక్కినాను సార్. నొక్కితే ఏటీ రాలేదు. వచ్చినా రాకపోయినా ఎల్లాలి కదా అని ఎల్లినాను." పుస్తకంలో తారీకులు రాసుకున్నానని కూడా చూపించింది. పుస్తకంలో తారీకులు ఎప్పుడైనా రాసుకోవచ్చు. తెర అబద్ధం చెప్పదు కదా. ఆ నెల ఆమె గౌరవవేతనంలో కొంత ఆపారు. మరుసటి నెల ఆమె ఫోన్ తెచ్చి ఇచ్చేసి వెళ్ళిపోయింది.

నాకు ఈ సంగతి ఆమె వెళ్ళిపోయాక, వేరే పని మీద ఫోన్ చేసినప్పుడు, మాటల మధ్యలో తెలిసింది. "నొక్కితే ఏటీ రాలేదు" అన్న మాట దగ్గర ఆగాను. ఫోన్ చూసుకోని మనిషి చెప్పే మాట కాదది. చాలా కచ్చితమైన బగ్ రిపోర్ట్. మా ఆఫీసులో టెస్టర్లు కూడా అంత పొట్టిగా రాయరు.

ఇక్కడ కొంచెం సాంకేతికం. ఓపిక పట్టండి, అసలు విషయం ఇందులోనే ఉంది.

ఐఫోన్‌లో నోటిఫికేషన్‌ని తెరమీద చూపించే పని ఫోనే చేసుకుంటుంది, యాప్ నిద్రపోతున్నా సరే. మనిషి దానిమీద నొక్కినప్పుడు మాత్రం ఫోన్ యాప్‌ని పిలిచి "ఇదిగో, నొక్కారు" అని చెప్పాలి. ఎవరికి చెప్పాలి? యాప్ ముందే ఒకరిని నియమించి పెడుతుంది. వాళ్ళనే డెలిగేట్ అంటారు. ప్రతినిధి అనుకోండి, ముఖత్యారు అనుకోండి. 2016లో ఐఓఎస్ 10తో వచ్చిన ఈ ఏర్పాటులో ఆ కుర్చీ ఒక్కటే. ఇద్దరు కూర్చోలేరు. తర్వాత ఎవరైనా వచ్చి "నేనే డెలిగేట్‌ని" అంటే ముందువాడు లేచిపోతాడు. లేచిపోయాడని వాడికి ఎవరూ చెప్పరు. అలారం మోగదు, యాప్ కూలదు, ఎర్రటి అక్షరాల్లో ఏ హెచ్చరికా రాదు. వాడి దగ్గర కోడ్ అలాగే ఉంటుంది, పిలుపు కోసం చూస్తూ. పిలుపు రాదు.

మా యాప్‌లో ఆ కుర్చీ ఎక్కింది ఒక మూడో పార్టీ లైబ్రరీ. దాతలకి "ఎంతమంది వాడుతున్నారు" అని గ్రాఫులు కావాలంటే, ఎవరెవరు ఏం నొక్కారో లెక్కపెట్టే ఒక లైబ్రరీని తెచ్చి పెట్టాను. మూడు లైన్ల పని. కొన్నాళ్ళకి దాని కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌డేట్ చేశాను. ఆ కొత్త వెర్షన్ యాప్ మొదలైన కాసేపటికి, మా తర్వాత, నిశ్శబ్దంగా తనని తాను డెలిగేట్‌గా పెట్టుకుంటోంది. నొక్కిన కబురు దానికి వెళ్తోంది. అది తన లెక్క తను రాసుకుంటోంది. మాకు అందించట్లేదు. దాని సోర్స్ కోడ్ బయటికి ఇవ్వరు కాబట్టి చదవడానికి లేదు. డెలిగేట్ మారే చోట బ్రేక్‌పాయింట్ పెట్టి, యాప్‌ని రిలీజ్ బిల్డ్‌లో నడిపితే, మేం పెట్టినప్పుడు ఒకసారి ఆగింది, ఆ తర్వాత ఇంకోసారి ఆగింది. ఆ రెండోసారి కాల్ స్టాక్‌లో నా ఫైళ్ళు ఒక్కటీ లేవు.

ఆఫీసులో ఎందుకు దొరకలేదంటే, డీబగ్ బిల్డ్‌లో ఆ లైబ్రరీని ఆపేసి ఉంచుతాం, మా టెస్టులతో దాతల గ్రాఫులు పాడవకూడదని. మిగతా కార్యకర్తలకి పచ్చచుక్కలు ఎలా వచ్చాయంటే, వాళ్ళు నేను చెప్పినట్టు చెయ్యట్లేదు. నోటిఫికేషన్‌ని పక్కకి తోసేసి, నేరుగా యాప్ తెరిచి, జాబితాలో టిక్ పెడుతున్నారు. ఆ దారి వేరు, దానికి డెలిగేట్‌తో పని లేదు. ట్రైనింగ్‌లో చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఒక్కతే. ఎర్రచుక్కలన్నీ ఆమెకే.

తప్పు ఎవరిది? మా వృత్తిలో దీనికి వెంటనే వచ్చే జవాబు "లైబ్రరీది". ఆ జవాబు నాకూ కొన్నాళ్ళు హాయిగానే ఉండింది.

అదే రోజుల్లో ఒక మాట నన్ను పట్టుకుంది. మా ఉత్తరాంధ్రలో ఆ కొండల్ని ఎవరూ "తూర్పు కనుమలు" అనరు. "ఏజెన్సీ" అంటారు. ఏజెన్సీలో ఉద్యోగం, ఏజెన్సీ జ్వరం, ఏజెన్సీ పసుపు. చిన్నప్పుడు గ్యాస్ ఏజెన్సీకీ దీనికీ ఏం సంబంధమో అర్థమయ్యేది కాదు. 1839లో కుంపిణీ ప్రభుత్వం 24వ చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల నుంచి, మామూలు రూల్స్ నుంచి తప్పించి, కలెక్టర్ చేతిలో పెట్టింది. ఆ హోదాలో కలెక్టర్ పేరు గవర్నరుగారి ఏజెంటు. ఏజెంటు ఏలేది ఏజెన్సీ. చెట్టు పేరో, ఏరు పేరో, అక్కడి మనుషుల పేరో కాకుండా, ఎవరో దూరాన ఉన్న ఒక దొరకి ప్రతినిధి పేరుతో ఒక దేశాన్ని పిలుస్తున్నాం, ఇప్పటికీ. అల్లూరి సీతారామరాజు జిల్లా 2022లో వచ్చింది. అయినా బస్సులో పక్కవాడు "ఎక్కడికి బాబూ, ఏజెన్సీకేనా" అనే అడుగుతాడు.

ఏజెంటు అన్న మాట వెనక వెళ్తే 1872 కాంట్రాక్టు చట్టం తగులుతుంది. అందులో 190వ సెక్షన్ ఏమంటుందంటే, తానే చేస్తానని ఒప్పుకున్న పనిని ఏజెంటు ఇంకొకరికి అప్పజెప్పకూడదు, ఆ వ్యాపారంలో అలాంటి ఆనవాయితీ ఉంటేనో, పని స్వభావమే అలా కోరితేనో తప్ప. సరే, మా వ్యాపారంలో ఆనవాయితీ ఉంది. లైబ్రరీలు లేకుండా ఎవరూ యాప్ కట్టరు. తాపీమేస్త్రి ఇటుకలు తనే కాల్చుకోడు. కానీ 193వ సెక్షన్ ఇంకో మెట్టు దిగుతుంది. అధికారం లేకుండా ఏజెంటు ఇంకొకరిని పెట్టుకుంటే, ఆ ఇంకొకరు చేసిన పనికి అసలు మనిషికీ, బయటివాళ్ళకీ జవాబు చెప్పాల్సింది ఏజెంటే. ఆ ఇంకొకరికి అసలు మనిషితో సంబంధమే లేదు. ఇది చదివినప్పుడు నా హాయి పోయింది. ఆ అమ్మాయి "నొక్కినాను" అన్న కబురుని చేరవేస్తానని ఒప్పుకున్నది నేను. మధ్యలో ఇంకొకర్ని కూర్చోబెట్టడానికి ఆమెని అడగలేదు. లైబ్రరీ నాకు జవాబు చెప్పాలేమో గానీ, ఆమెకి చెప్పాల్సింది నేను. చట్టం యాప్‌ల గురించి రాసింది కాదని నాకూ తెలుసు, కోర్టుకెళ్తే నిలవదనీ తెలుసు. ఆ సెక్షన్లో ఉన్నది లాయరు తెలివి కంటే ఇంటి పెద్ద ఇంగితమే ఎక్కువ అనిపించింది.

అయినా లైబ్రరీని ఊరికే వదలబుద్ధి కాదు. మధ్యలో కూర్చోవడమే తప్పని నేను అనను. భారతంలో సంజయుడు పాండవుల దగ్గర నుంచి రాత్రికి తిరిగొచ్చి, ధృతరాష్ట్రుడితో "ధర్మరాజు మాట రేపు సభలో చెప్తాను" అని ఇంటికి పోతాడు. పాపం ముసలాయనకి రాత్రంతా నిద్ర పట్టదు, విదురుణ్ణి పిలిపించుకుంటాడు. సంజయుడు కబురుని ఆపాడు. కానీ ఆపానని చెప్పి ఆపాడు, తెల్లారాక చెప్పాడు. కొన్ని లైబ్రరీలు కూడా అంతే: మీ డెలిగేట్‌ని మేం పట్టుకుంటాం, వద్దనుకుంటే ఫలానా చోట ఆపుకోండి, పట్టుకున్నా మీకు అందిస్తాం అని డాక్యుమెంటేషన్‌లో రాస్తాయి. ఇంకో రకం ఉంది, స్విజ్లింగ్ అంటారు. ఆబ్జెక్టివ్-సీలో యాప్ నడుస్తుండగానే ఒక మెథడ్ పేరు అలాగే ఉంచి లోపలి కోడ్‌ని మార్చెయ్యొచ్చు. బయటినుంచి చూస్తే కుర్చీలో నేనే ఉంటాను, పలికేది ఇంకొకరు. 1/70 చట్టం ఉన్న చోట దీన్ని వివరించడానికి కష్టపడక్కర్లేదు. గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదని 1959 రెగ్యులేషన్‌నీ, 1970 సవరణనీ తెస్తే, కాగితం మీద గిరిజనుడి పేరు ఉంచి అనుభవించేది ఇంకొకరయ్యే పద్ధతి పుట్టింది. బినామీ అనే మాట అక్కడ చదువురానివాళ్ళకి కూడా తెలుసు.

కానీ ఇదంతా మధ్యలోవాడి సంగతి. నాకు నిద్ర పట్టనివ్వనిది అది కాదు, చివర తెరమీద ఉన్న మాట.

ఎఫ్. ఆర్. హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజిటీరులో 1879 రంప పితూరీకి కారణాలు ఉన్నాయి. కల్లు మీద పన్ను, మున్సబుదారు ఆగడాలు, పోలీసుల జులుం మనకి తెలిసినవే. ఇంకొకటి అంతగా చెప్పుకోరు. కింది నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్ళతో తమకి అనుకూలమైన ఒప్పందాలు రాయించుకుని, సివిల్ కోర్టుల్లో దావాలు వేసి, ఎక్స్‌పార్టీ డిక్రీలు తెచ్చుకుని, దొరికిన ఆస్తిని జప్తు చేయించేవాళ్ళు. ఎక్స్‌పార్టీ అంటే ప్రతివాది రాలేదు కాబట్టి వాది చెప్పింది విని ఇచ్చే తీర్పు. కోర్టు ఎక్కడో కింద, కొండవాడు పైన. మధ్యలో జ్వరాల అడవి, తెలియని భాష. రాలేదు. రాలేదు అంటే చెప్పుకోవడానికేం లేదన్నట్టే. ఆ జడ్జీలందరూ లంచగొండులై ఉండక్కర్లేదు. వాళ్ళముందు ఉన్న కాగితంలో ఒక ఖాళీ ఉంది, ఆ ఖాళీని వాళ్ళు ఒక మనిషి గుణంగా చదివారు.

పితూరీ అన్న మాట చూడండి. మన ఇళ్ళల్లో పితూరీ అంటే ఫిర్యాదు, పెద్దవాళ్ళకి చెప్పుకోవడం. ఆ కొండల చరిత్రలో అదే మాటకి తిరుగుబాటు అని అర్థం. ఎక్కడా చేరని ఫిర్యాదు ఏమవుతుందో అడిగితే నేను ఆ ఒక్క మాటే చూపిస్తాను.

చిత్రం ఏమిటంటే, చట్టం నా కంటే జాగ్రత్తపడింది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 9వ ఆర్డర్, 6వ రూల్ ప్రకారం, ప్రతివాది రానప్పుడు జడ్జి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: సమన్లు సరిగ్గా అందాయా? అందాయని తేలితేనే ఎక్స్‌పార్టీ. అందలేదంటే మళ్ళీ పంపాలి. అందాయి గానీ వచ్చేంత టైము లేకుండా అందాయంటే వాయిదా వెయ్యాలి. నిశ్శబ్దానికి మూడు గదులు. పొరపాటున డిక్రీ ఇచ్చేసినా, సమన్లు అందలేదనో, రాలేకపోవడానికి సరైన కారణం ఉందనో చూపిస్తే 13వ రూల్ కింద దాన్ని కొట్టేయించుకోవచ్చు. నూరేళ్ళ కిందట రాసిన రూల్స్‌లో మూడు గదులుంటే, నా డాష్‌బోర్డులో ఒకటే గది. అప్పీలు లేదు.

మా టీమ్‌లో ఒక మిత్రుడికి ఇది చెప్తే, "ప్రతి లైబ్రరీని లైను లైనూ చదివి వాడాలంటావా? అలా అయితే ఎవడూ ఏదీ కట్టలేడు" అన్నాడు. చదవాలని నేను అనట్లేదు. చదవలేం. నమ్మకుండా మా పని ఒక్క గంట నడవదు. మందులషాపులో మాత్ర కొన్నప్పుడు లోపల ఏముందో నేను చూడను. నా గొడవ ఇంకోటి. నాకు తెలియని చోట "తెలియదు" అని రాసే హక్కు, స్థలం, రెండూ నాకున్నాయి. ఆ స్థలంలో ఆమె పేరు రాశాను. "కబురు అందలేదు" అనే వాక్యంలో కర్త నేను, నా యాప్. "స్పందించలేదు" అనే వాక్యంలో కర్త ఆమె. తెలుగులో కర్తని దాచెయ్యడం ఎంత సులువంటే, రాస్తున్నప్పుడు నేను ఒకరిమీద నేరం మోపుతున్నానని నాకే తెలియలేదు.

రిపేరు కథ త్వరగా చెప్తాను. మొదట వచ్చిన ఆలోచన, లైబ్రరీ కూర్చున్నాక మళ్ళీ నేనే వెళ్ళి కుర్చీ లాక్కోవడం. ఒక్క లైను. పనిచేసింది కూడా. కానీ అప్పుడు లైబ్రరీకి నేను చేసింది అది నాకు చేసిందే. దాతల గ్రాఫులు సున్నాకి పడతాయి, వాళ్ళు కార్యకర్తలు యాప్ వాడటం మానేశారనుకుంటారు. ఎర్రచుక్క ఇంకో తెరమీదికి మారుతుందంతే. చివరికి చేసింది, కుర్చీలో ఒక చిన్న బంట్రోతుని కూర్చోబెట్టడం. వాడికి సొంత పని లేదు. వచ్చిన ప్రతి కబురుని ఇద్దరికీ అందించాలి. ఇందులో ఒక చిక్కుంది. కబురు ఇచ్చినప్పుడు ఫోన్ ఒక కంప్లీషన్ హ్యాండ్లర్ చేతిలో పెడుతుంది, "పనైపోయాక దీన్ని పిలిచి చెప్పు" అని. అది ఒక్కసారే పిలవాలి. వినేవాళ్ళు ఇద్దరున్నప్పుడు "అయిపోయింది" అనేది ఎవరు? ఇద్దరూ అన్నాక బంట్రోతు ఒకసారి అంటాడు. ఇంకోటి, డెలిగేట్‌ని ఫోన్ గట్టిగా పట్టుకోదు, వీక్ రిఫరెన్స్ మాత్రమే. బంట్రోతుని ఎవరో ఒకరు చెయ్యిపట్టుకుని ఉంచకపోతే మాయమైపోతాడు, మళ్ళీ అదే నిశ్శబ్దం. నేను పట్టుకున్నాను.

డాష్‌బోర్డులో మూడో రంగు పెట్టాను. బూడిదరంగు చుక్క, పక్కన "మాకు జవాబు అందలేదు". కోఆర్డినేటర్‌కి ఇది నచ్చలేదు. "అందలేదంటే నేను ఎవర్ని అడగాలి సార్?" అన్నారు. నన్ను అడగమన్నాను. ఆయన నవ్వారు, హైదరాబాద్‌లో ఉన్నవాణ్ణి అడగడం ఎంత తేలికో ఆ నవ్వులో ఉంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అరకు దాకా వెళ్ళాను. సంత రోజు కలుస్తానని ఆ అమ్మాయి కబురు చేసింది. ఈసారి కబురు మనుషుల మీదుగానే వెళ్ళింది, మనుషుల మీదుగానే వచ్చింది. రాజ్మా బస్తాల పక్కన నిలబడి మాట్లాడుకున్నాం. ఇప్పుడు కాఫీ పళ్ళ కోతకి వెళ్తోందట. క్షమించమన్నాను. కుర్చీ, ఇద్దరు కూర్చోలేకపోవడం, మధ్యలోవాడు కబురు దిగమింగడం, అన్నీ చెప్పాను. డెలిగేట్ అన్న మాట వాడలేదు. ఆమె చివరిదాకా విన్నది. అంత ఆశ్చర్యపోయినట్టు లేదు.

"నేను నొక్కినట్టు ఇప్పుడు మీకు తెలిసింది కదా సార్?"

తెలిసిందన్నాను.

"అయితే ఆ ఎర్రచుక్కలు తీసేసినారా?"

కొత్తవి రాకుండా చేశాను. పాతవాటి సంగతి నాకు తట్టనే లేదు. ఆ రాత్రి బస చేసిన చోట లాప్‌టాప్ తెరిచి చూశాను. వాటిని పచ్చగా మార్చడానికి వీల్లేదు, ఆమె నొక్కిన కబుర్లు మా సర్వర్‌లో ఎక్కడా లేవు. ఆమె నొక్కిందన్నదానికి రుజువు ఆమె మాటా, ఆ పుస్తకమూ. పుస్తకం సంస్థ అలమారాలో ఉందన్నారు. తెల్లారాక వెళ్ళి, తారీకులు ఒక్కొక్కటీ చూసి, పంతొమ్మిది చుక్కల్ని చేత్తో మార్చాను. ఆపిన డబ్బు ఇస్తామని కోఆర్డినేటర్ అన్నారు. ఆ మూడు నెలల రిపోర్టు మాత్రం అప్పటికే పీడీఎఫ్‌గా దాతలకి వెళ్ళిపోయింది. నాలుగో పేజీలో ఆమె పేరు ఎదురుగా ఒక శాతం ఉంది. సవరణ పంపించాను. ఇంకా ఎవరూ తెరిచినట్టు లేదు, లేదా తెరిచారేమో, మాకు జవాబు అందలేదు.